నూటికి నూట పదకొండు

నవంబరు ముసురు పట్టిందంటే తిరుపతిలోని మా ప్రయోగశాలలో ఏదీ ఒక పట్టాన ఆరదు. అలాంటి మధ్యాహ్నమే ఒక డిగ్రీ విద్యార్థిని తాను తయారుచేసిన ఆస్పిరిన్‌ను గాజు పళ్లెంలో పట్టుకొచ్చింది. తెల్లటి సన్నని స్ఫటికాలు. "2.90 గ్రాములు వచ్చింది సార్, 111 శాతం!" అంది. ఆ సంతోషం చూసి వెంటనే కాదనలేక, "లెక్క మళ్లీ వేద్దాం, కూర్చోమ్మా" అన్నాను.

ఆమె తీసుకున్నది 2.00 గ్రాముల సాలిసిలిక్ ఆమ్లం. దాని మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ (అణువులను లెక్కపెట్టే కొలమానం) బరువు, 138.12 గ్రాములు కనుక అది 0.01448 మోల్. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ (ఆమ్లాన్ని ఆస్పిరిన్‌గా మార్చే ద్రవం) 5 మిల్లీలీటర్లు; సాంద్రత 1.08తో గుణిస్తే 5.4 గ్రాములు, అంటే 0.0529 మోల్. ఈ రెండూ ఒకటికి ఒకటిగా కలుస్తాయి. ఎన్‌హైడ్రైడ్‌ను కావాలనే మూడున్నర రెట్లకు పైగా పోస్తాం. అది ఎంత మిగిలినా, ఆమ్లం అయిపోగానే ఆస్పిరిన్ తయారీ ఆగిపోతుంది. కాబట్టి ఆమ్లమే పరిమిత కారకం. ఆ 0.01448ని ఆస్పిరిన్ మోలార్ ద్రవ్యరాశి 180.16తో గుణిస్తే 2.61 గ్రాములు. సైద్ధాంతిక దిగుబడి, అంటే ఏమీ వృథా కాకపోతే రాగల గరిష్ఠ తూకం, అదే. ఆమె చెప్పిన 111 శాతం దీని మీద వేసిన లెక్కే.

రెండు గ్రాములు వేస్తే రెండున్నర దాటి ఎలా వస్తుందని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. ప్రతి అణువూ ఒక హైడ్రోజన్‌ను వదిలి ఎసిటైల్ సమూహాన్ని తగిలించుకుంటుంది. 138 కాస్తా 180 అవుతుంది. అయితే 2.61ని దాటే దారి మాత్రం లేదు. దాటిందంటే త్రాసు మీద ఆస్పిరిన్‌తో పాటు ఇంకేదో ఉన్నట్టే.

ఇక్కడ ఉన్నది నీరు. చిత్తూరు పల్లెల్లో బెల్లం వండేవారికి ఇది కొత్త సంగతి కాదు: పాకం ముదరకుండా దించిన బెల్లం తూకానికి బాగానే తూగుతుంది, నిలవ మాత్రం ఉండదు. తడి ఆస్పిరిన్ కూడా అంతే. నీటితో చర్య జరిగి మెల్లగా సాలిసిలిక్, ఎసిటిక్ ఆమ్లాలుగా విడిపోతుంది. పాత మాత్రల సీసా మూత తీయగానే వెనిగర్ వాసన వచ్చేది అందుకే.

పళ్లెంను డెసికేటర్‌లో, అంటే తేమను పీల్చే పదార్థం ఉన్న మూత పాత్రలో, ఉంచాం. మర్నాడు ఉదయం 2.20, సాయంత్రం 1.96, మూడోనాడు 1.95, ఆ తర్వాత మళ్లీ 1.95. తూకం నిలకడగా నిలిచాకే దాన్ని నమ్మాలి. 1.95ని 2.61తో భాగిస్తే 74.7 శాతం.

మిగతాది ఎటు పోయిందని ఆమె దిగులుపడింది. కొంత వడపోత కాగితానికి అంటుకుంది. కొంత కడిగిన నీటిలో కరిగిపోయింది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 3 గ్రాముల ఆస్పిరిన్ కరుగుతుంది, అంటే 50 మిల్లీలీటర్లలో 0.15 గ్రాము. మంచులా చల్లటి నీటితో, అదీ కొద్దికొద్దిగా కడగమని పోరేది ఇందుకే.

శాతం ఎంత బాగున్నా స్వచ్ఛత గురించి అది ఏమీ చెప్పదు. అందుకని చిటికెడు పొడిని కరిగించి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేయించాను. సాలిసిలిక్ ఆమ్లం మిగిలి ఉంటే ఊదారంగు రావాలి. ఇద్దరం పరీక్షనాళికను కిటికీ వెలుగులో పెట్టి చూశాం. రంగు రాలేదు. ఆమె రికార్డులో 111ని ఒక్క గీతతో కొట్టేసి, కింద నాలుగు తూకాలనూ తేదీలతో సహా రాసుకుంది.