బడిపిల్లల చేతికి జన్యువు ఎలా వచ్చింది

1976 జులైలో అమెరికాలోని కేంబ్రిడ్జ్ నగర కౌన్సిల్ హార్వర్డ్, ఎంఐటీ శాస్త్రవేత్తల పనికి అడ్డం పడింది. ఒక జీవి డీఎన్‌ఏ ముక్కను బ్యాక్టీరియాలో చేర్చే పరిశోధనల్లో ప్రమాదకరం అనుకున్నవాటిని మూడు నెలలు ఆపమంది. ల్యాబ్ నుంచి ఏ కొత్త రోగం బయటికొస్తుందోనని మేయర్ ఆల్‌ఫ్రెడ్ వెలూచీ భయం. ఆ పరిశోధనతో సంబంధం లేని ఊరివాళ్లతో కమిటీ వేశారు. వాళ్లు నెలల తరబడి నిపుణులను ప్రశ్నించి, విషయం నేర్చుకుని, షరతులతో సాగనివ్వవచ్చన్నారు. ఈ శాస్త్రం మామూలు మనుషులకూ అందుతుందని అక్కడే రుజువైందని నా నమ్మకం.

క్రమంగా నిబంధనలు సడలాయి. మనిషి పేగుల్లో నిలదొక్కుకోలేని ఈ. కోలి అనే బ్యాక్టీరియా రకాలు వాడుకలో స్థిరపడ్డాయి. 1988లో న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ల్యాబొరేటరీ, డేవిడ్ మిక్లోస్ సారథ్యంలో, బడిపిల్లల కోసం డీఎన్‌ఏ లెర్నింగ్ సెంటర్ తెరిచింది.

1994లో మార్టిన్ చాల్ఫీ బృందం జెల్లీఫిష్‌లోని వెలుగు ప్రోటీన్ జన్యువు ఈ. కోలిలోనూ పనిచేస్తుందని చూపింది. దాని ఆధారంగా పీగ్లో అనే కిట్ బడులకు వచ్చింది. బ్యాక్టీరియాను ఆ జన్యువుతో కలిపి ఐసులో ఉంచి, 42 డిగ్రీల నీటిలో 50 సెకన్లు ముంచి, మళ్లీ ఐసులో పెడితే కొన్ని కణాల్లోకి జన్యువు చేరుతుంది. వాటిని ప్లేట్లలో పెంచితే, మర్నాడు అతినీలలోహిత కాంతి కింద ఒక ప్లేటు పచ్చగా వెలుగుతుంది. పిల్లలంతా దాని చుట్టే మూగుతారు. నా దృష్టిలో అసలు పాఠం పక్క ప్లేటులో ఉంది. అందులోని బ్యాక్టీరియాకూ అదే జన్యువు ఉంది, యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకుని పెరిగింది కూడా. అయినా వెలగదు, ఎందుకంటే ఆ జన్యువును పనిచేయించే అరాబినోస్ చక్కెర అందులో వేయలేదు. జన్యువు ఉండటం వేరు, పనిచేయడం వేరు.

కానీ కిట్‌తో వచ్చే కాగితం ఆ జవాబును ముందే చెప్పేస్తే పిల్లలు ఆలోచించేదేముంది? ఈ అసంతృప్తి పెరిగాకే అమెరికాలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) బయాలజీ అనే హైస్కూలు కోర్సులో ప్రయోగాలను మార్చారు. 2012–13 నుంచి పాత 12 ప్రయోగాల స్థానంలో విద్యార్థే ప్రశ్న వేసుకునేలా 13 వచ్చాయి.

మన సీబీఎస్‌ఈ 12వ తరగతి ప్రాక్టికల్స్‌లోనూ పాలకూర, బఠానీ వంటివాటి నుంచి డీఎన్‌ఏ తీయడం ఉంది. నూరిన ఆకు రసంలో చల్లటి ఆల్కహాల్ పోశాక తెల్లటి డీఎన్‌ఏ పోగులు తేలగానే రికార్డు రాసేస్తే పని అయిపోతుంది. ఆల్కహాల్ చల్లగా లేకపోతే ఏమవుతుందో, ఆకు నూరకుండా వేస్తే ఏమవుతుందో పిల్లల్నే తేల్చమంటే పెద్ద ఖర్చేమీ ఉండదు. ఇంకో పీరియడ్ కావాలి, అనుకున్నది రాకపోయినా ఎందుకు రాలేదో రాసిన విద్యార్థికి మార్కులు పడాలి.