బ్యాంకు లోన్ ఇచ్చిందంటే ఇల్లు బాగున్నట్టేనా? ఇల్లు కొనేవాళ్ల అపోహలు - వాస్తవాలు

"బ్యాంకు ఇంజినీరు వచ్చి చూసి వెళ్లాడండీ. లోన్ కూడా శాంక్షన్ అయింది. మళ్లీ ఇన్‌స్పెక్షన్ దేనికి?"

సివిల్ ఇంజినీరుగా సైట్లు చూసి, తర్వాత ఇళ్ల ఇన్‌స్పెక్షన్‌లోకి వచ్చిన నేను ఎక్కువగా వినే మాట ఇది. విజయవాడ దగ్గర కానూరు, పోరంకిలో కొత్త ఫ్లాటు కొనేవాళ్లూ ఇదే అంటారు, గుంటూరు బ్రాడీపేటలో పాత ఇల్లు కొనేవాళ్లూ ఇదే అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. ఉన్నదంతా ఊడ్చి పెడుతున్నప్పుడు, తెలిసినవాడు ఎవరో ఒకరు చూశాడంటే గుండె కాస్త కుదుటపడుతుంది. కానీ జనానికి ఎక్కువ డబ్బు ఖర్చు పెట్టించేది ఈ నమ్మకమే. అందుకే ముందు దీని సంగతి తేల్చి, మిగతావాటికి వెళ్తాను.

అపోహ: లోన్ వచ్చిందంటే ఇల్లు బాగున్నట్టే

బ్యాంకు పంపేది తన ప్యానెల్‌లో ఉన్న వాల్యుయర్‌ని. ఆ ఆస్తి మార్కెట్లో ఎంత పలుకుతుందో చెప్పడం ఆయన పని. ప్లాన్ అప్రూవల్ ఉందా, హద్దులు డాక్యుమెంట్‌తో సరిపోతున్నాయా, ప్లానుకు మించి అంతస్తు లేపారా, కట్టి ఎన్నేళ్లయింది, చుట్టుపక్కల గజం ఎంత, చదరపు అడుగు ఎంత అని చూస్తాడు. నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్తాడు. బాత్‌రూమ్‌లో నీళ్లు నిలబెట్టి కింది ఫ్లాటు వాళ్ల సీలింగ్ చూడడు. మెయిన్ బోర్డు మూత విప్పడు. ఓవర్‌హెడ్ ట్యాంకు కింద బీముల దాకా ఎక్కడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, ఆయన్ని పంపింది అందుకు కాదు. రాసిన రిపోర్టు కూడా బ్యాంకు కోసం రాసిందే. అందులో ఏముందో కొన్నవాళ్లలో చాలామందికి తెలియదు.

బ్యాంకు లెక్క ఒకసారి చూడండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం 30 లక్షల దాకా హౌసింగ్ లోన్ అయితే ఆస్తి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం వరకు, ఆ పైన 75 శాతం వరకు ఇవ్వొచ్చు. 60 లక్షల ఫ్లాటుకు మీకు వచ్చేది మహా అయితే 48 లక్షలు. మిగతా 12 లక్షలు మీవి. రేపు గోడలు చెమ్మెక్కినా, టైల్స్ లేచినా మీ ఈఎంఐ ఆగదు. ఒకవేళ ఆగినా, ఫ్లాటు, దానికి వచ్చే స్థలం వాటా బ్యాంకు చేతిలో తనఖాగా ఉన్నాయి. మీరు పెట్టిన 12 లక్షలు కరిగాకే బ్యాంకు అసలుకు దెబ్బ. అందుకే బాత్‌రూమ్ లీకేజీ బ్యాంకును బాధించదు, మిమ్మల్ని బాధిస్తుంది.

లాయర్ గారి లీగల్ ఒపీనియన్ సంగతీ అంతే. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు, పన్ను రసీదులు చూస్తారు. తప్పక చూపించాల్సినవే. కానీ ఆ ఇంటి గడప ఆయన తొక్కరు. సబ్ రిజిస్ట్రార్ చూడరు. వాస్తు సిద్ధాంతి వస్తారు గానీ ఆయన చూసేది దిక్కులు. బ్రోకర్‌కి ఆ బేరం కుదిరితేనే కమీషన్. ఇంతమంది చేతుల మీదుగా నడిచే వ్యవహారంలో, గోడలు, వైర్లు, పైపులు ఎలా ఉన్నాయో కొనేవాడి తరఫున చూసే మనిషి ఒక్కరూ లేరు.

గుంటూరు పట్టాభిపురంలో ఒక రిటైర్డ్ మాస్టారి సంగతి చెప్తాను. రెండో అంతస్తులో పాత ఫ్లాటు. బెంగళూరులో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో చూసి లోన్ పెట్టాడు, శాంక్షన్ అయింది, రిజిస్ట్రేషన్‌కి ముహూర్తం కూడా పెట్టేశారు. మాస్టారి భార్య మాత్రం ఎవరికైనా చూపించాల్సిందేనని పట్టుబట్టారట. నేను వెళ్లేసరికి ఇల్లంతా కొత్త రంగులతో ధగధగలాడుతోంది. బెడ్‌రూమ్‌లో అటాచ్డ్ బాత్‌రూమ్ వైపు గోడ దగ్గర కూర్చుని, స్కర్టింగ్‌కి జానెడు పైన గోరుతో గీశాను. లప్పం పొడిగా రాలాలి. ముద్దలా గోటికి అంటుకుంది. చెమ్మను కొలిచే మాయిశ్చర్ మీటర్ పెడితే ఆ గోడకు ఎక్కువ రీడింగు, ఎదురు గోడకు తక్కువ రీడింగు వచ్చింది. బాత్‌రూమ్‌లో పాత టైల్స్ తీయకుండా వాటి మీదే కొత్త టైల్స్ వేశారు. దాంతో లోపలి ఫ్లోరు గడప ఎత్తుకు వచ్చేసింది, నీళ్లు బెడ్‌రూమ్‌లోకి రాకుండా ఉండాల్సిన పల్లం పోయింది.

నీళ్లు బయటికి పోయే నానీ ట్రాప్‌కి గుడ్డ కుక్కి రెండంగుళాలు నీళ్లు నిలబెట్టి తాళం వేశాం. మర్నాడు నీళ్లు సగానికి తగ్గాయి. కింది ఫ్లాటు తలుపు కొడితే ఆవిడ మమ్మల్ని నేరుగా తన బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్లి పైకి చూపించారు. శ్లాబు పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన కమ్మీలు బయటికి కనిపిస్తున్నాయి. "ఎన్నిసార్లు చెప్పినా ఆయన చేయించలేదండీ. ఇప్పుడు అమ్ముకుని వెళ్లిపోతున్నాడటగా. మీరైనా చేయిస్తారా మాస్టారూ?" అని అడిగారావిడ. మాస్టారు ఇంకా ఆ ఇల్లు కొననేలేదు, అప్పుడే ఆ ఇంటి గొడవ ఆయన నెత్తికి వచ్చింది.

బాత్‌రూమ్ కింద శ్లాబును దించి వేస్తారు. ఆ గుంటలో పైపులు నడిపి, పైన ఇటుక ముక్కలతో నింపి టైల్స్ వేస్తారు. పైపు జాయింటు లీకైనా, వాటర్‌ప్రూఫింగ్ పోయినా నీరు ఆ గుంటలోనే చేరి గోడలోకి, శ్లాబులోకి పాకుతుంది. పైన ఎన్ని రంగులు వేసినా ఆగదు. మొత్తం తవ్వి మళ్లీ చేయాల్సిందే. మాస్టారు ఆ ఇల్లు వదులుకోలేదు. రిపోర్టు ముందు పెట్టి మాట్లాడితే, అమ్మేవాళ్లే తవ్వించి చేయించారు. మళ్లీ నీళ్లు నిలబెట్టి చూశాకే రిజిస్ట్రేషన్ జరిగింది. ముహూర్తం మారింది, అంతే. లోన్ మాత్రం అదే లోన్, వాల్యుయర్ రిపోర్టు అదే రిపోర్టు. అందులో చెమ్మ గురించి ఒక్క ముక్క లేదు.

అపోహ: కొత్త ఫ్లాటే కదా, చూడ్డానికి ఏముంటుంది?

కొత్తవాటిలో నాకు చాలా దొరుకుతాయి. గృహప్రవేశం ముహూర్తాలు దగ్గరపడితే ఆఖరి పనులన్నీ హడావిడిగా ముగిస్తారు. బాల్కనీ వాలు ట్రాప్ వైపు కాకుండా హాలు వైపు ఉంటుంది. టైల్ మీద కర్రతో తడితే డొల్ల శబ్దం వస్తుంది. వీటిని సర్దుకోవచ్చు, సర్దుకోలేనిది కరెంటు. మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో ఎర్త్ ఉండదు. వైరు బోర్డు దాకా వచ్చి, ఎక్కడా కలపకుండా లోపల మడత పెట్టి ఉంటుంది. బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. గీజర్ బాడీకి కరెంటు పాస్ అయిన రోజున తెలుస్తుంది. కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందా, టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అవుతోందా అన్నది మీరే చూడొచ్చు. ఎర్త్ పని చేస్తోందో లేదో మాత్రం మీటర్ పెట్టి కొలవాల్సిందే.

"ఐదేళ్లు బిల్డర్ గ్యారంటీ ఉందిగా" అంటారు. 2016 రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) సెక్షన్ 14(3) ప్రకారం, ఇల్లు అప్పగించిన ఐదేళ్ల లోపు నిర్మాణంలో, పనితనంలో లోపం బయటపడి మీరు తెలియజేస్తే, ప్రమోటర్, అంటే బిల్డర్, 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. మంచి చట్టం, వాడుకోండి. కానీ "తెలియజేస్తే" అన్నచోట మనవాళ్లు చిక్కుకుంటారు. ఫోన్లో చెప్తారు, వాచ్‌మన్‌తో చెప్పిస్తారు. తేదీ వేసిన రిపోర్టు, ఫొటోలు, ఒక మెయిల్ ఉంటే ఆ మాటకు బలం వస్తుంది. ఇంకొకటి, స్థలం 500 చదరపు మీటర్లు అంటే సుమారు 600 గజాలు మించకపోయినా, ఫ్లాట్లు 8 మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మన బెజవాడ సందుల్లో రెండు మూడు వందల గజాల్లో ఐదు ఫ్లాట్లు కట్టి అమ్మేవి ఎన్ని లేవు! అలాంటివి కొనేవాళ్లు కొనకముందే చూపించుకోవడం మరీ అవసరం.

అపోహ: పగులు కనిపించిందంటే ఇల్లు కూలిపోతుంది

రాత్రి పదకొండింటికి గోడ ఫొటో పంపి "సార్, పడుకోవచ్చా?" అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకంత సన్నగా, అల్లుకున్నట్టుండే పగుళ్లు ఎక్కువగా క్యూరింగ్, అంటే నీళ్లు పట్టడం, సరిగ్గా చేయకపోతే వస్తాయి. ఇటుక గోడ బీముకి, పిల్లర్‌కి కలిసేచోట గీత గీసినట్టు నిటారుగానో అడ్డంగానో వచ్చేవి, రెండు రకాల మెటీరియల్ ఎండకు వేర్వేరుగా సాగడం వల్ల వచ్చేవి. ఇవి చూసి నిద్ర పాడుచేసుకోకండి. కిటికీ, గుమ్మం మూలల నుంచి ఏటవాలుగా పాకి, వేలిగోరు దూరేంత వెడల్పైనవి చూపించుకోవాలి. పిల్లర్‌లో కమ్మీ వెంబడే నిలువుగా చీలి తుప్పు మరక దిగితే ఆలస్యం చేయకూడదు.

నల్లరేగడిలో కట్టిన ఇల్లు నిలవదన్న ప్రచారం కూడా వదిలేయండి. ఆ నేల వానలకు ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది, నిజమే. అందుకే అండర్ రీమ్డ్ పైల్స్ (లోతుగా దిగి, కింది భాగం ఉబ్బుగా ఉండే స్తంభాలు) లాంటి పునాదులు ఉన్నాయి. ఏ పునాది వేశారో డ్రాయింగ్ అడగండి. పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేస్తే, అది ఇంకా పాకుతోందో ఆగిందో నాలుగు నెలల్లో గోడే చెప్తుంది.

అపోహ: బుడమేరు నీళ్లు నిలిచిన ఇళ్లన్నీ పాడైపోయినట్టే

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడను ముంచిన వరద తర్వాత సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం ఇళ్ల గురించి వాట్సాప్‌లో తిరిగిన మాటలు వింటే ఒళ్లు మండుతుంది. పిల్లర్లు నాని మెత్తబడిపోయాయట. గట్టిపడిన కాంక్రీట్ కొన్ని రోజుల నీటికి మెత్తబడదు. ఈ పుకార్ల వల్ల అక్కడ ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చిన కుటుంబాలు అన్యాయంగా నష్టపోతున్నాయి. అలాగని కళ్లు మూసుకుని కొనమనీ చెప్పను. గ్రౌండ్ ఫ్లోర్ స్విచ్ బోర్డులు విప్పి లోపల ఒండ్రు ఉందేమో చూడాలి. వైరింగ్ మార్చారా అని అడగాలి. ఫ్లోరింగ్ కింద మట్టి దిగి టైల్స్ కుంగాయేమో, సంపు గోడకు పగులు ఉందేమో, లిఫ్టు గుంటలో నీరు ఊరుతోందేమో చూడాలి. తలుపు కింది బందు తుప్పు పట్టి పైది కొత్తగా ఉంటే నీరు ఎంతవరకు వచ్చిందో తెలిసిపోతుంది. మళ్లీ వరద వస్తే ఆ వీధిలో నీరు ఎంత నిలుస్తుందన్నది వేరే ప్రశ్న. దానికి ఇరుగుపొరుగును మించిన సాక్షులు లేరు, అడగండి.

ఇంకొన్ని

"హ్యామర్ టెస్ట్ చేయించాం, చాలు." రీబౌండ్ హ్యామర్ చెప్పేది కాంక్రీట్ పైపొర గట్టిదనం. దాన్ని బట్టి స్ట్రెంగ్త్ అంచనా వేస్తే 25 శాతం అటూ ఇటూ ఉండొచ్చని మన ఐఎస్ కోడ్ (భారతీయ ప్రమాణాల పుస్తకం)లోనే ఉంది. అదొక్కటే చూసి ఇల్లు భేష్ అనేవాళ్లను నమ్మకండి.

"మా బావమరిది సివిల్ ఇంజినీరే." రమ్మనండి, మంచిదే. మొహమాటం లేకుండా, మీటర్లు తెచ్చుకుని, రాతపూర్వకంగా ఇస్తే ఇంకా మంచిది.

"ఫీజు దండగ." మన ఆంధ్రప్రదేశ్‌లో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 60 లక్షల మీద నాలుగున్నర లక్షలు. దాని పక్కన ఇన్‌స్పెక్షన్ ఫీజు పెట్టి చూసుకోండి.

"ఇన్‌స్పెక్టర్ ఓకే అంటే ఇక ఏ సమస్యా రాదు." వస్తుంది. పునాది లోపల, గోడ లోపల ఉన్నవన్నీ మాకూ కనిపించవు. గ్యారంటీ ఇస్తామనేవాళ్ల దగ్గర జాగ్రత్త. మన దేశంలో ఈ పనికి ప్రత్యేకమైన లైసెన్సు ఏదీ లేదు కాబట్టి చదువు, అనుభవం అడగండి, ఇంతకుముందు ఇచ్చిన రిపోర్టు ఒకటి చూపించమనండి, బిల్డర్‌తోనో బ్రోకర్‌తోనో సంబంధం ఉందేమో కనుక్కోండి. రిపేర్ కాంట్రాక్టు కూడా తానే చేస్తానంటే వేరేవాళ్లను చూసుకోండి.

ఎప్పుడు పిలవాలని అడుగుతారు. అగ్రిమెంట్ రాసుకోకముందు. అప్పటికే టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే, ఇన్‌స్పెక్షన్‌లో తేలినవి అమ్మేవాళ్లు సరిచేయాలని, లేకపోతే అడ్వాన్స్ వెనక్కివ్వాలని అగ్రిమెంట్‌లో ఒక లైను రాయించండి. వచ్చే రోజుకి ఇంట్లో కరెంటు, నీళ్లు ఉండాలి, టెర్రస్ తాళం మీ చేతిలో ఉండాలి. బాత్‌రూమ్‌లో నీళ్లు ఒక రాత్రంతా నిలబెట్టడానికి ఓనర్‌ని, మర్నాడు లోపలికి రావడానికి కింది ఫ్లాటు వాళ్లను ముందే అడిగి పెట్టుకోండి.