ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నారా? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసును కాసేపు మరచిపోండి

ఇంగ్లండ్‌లో ఇళ్ల క్రయవిక్రయాల కాగితాలు చూసే సొలిసిటర్‌ని నేను. తెలుగు కుటుంబాలు వస్తే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "రిజిస్ట్రేషన్ ఎప్పుడండీ? ఇద్దరం సెలవు పెట్టాలా?" ఊళ్లో ఇల్లు కొన్న జ్ఞాపకం అది. బయానా, స్టాంపు కాగితాలు, సబ్ రిజిస్ట్రార్ ముందు ఫొటో, వేలిముద్రలు. ఇక్కడ వాటిలో కొన్ని వేరే వరుసలో జరుగుతాయి, కొన్ని అసలు జరగవు. నేను రాసేది ఇంగ్లండ్ సంగతే. స్కాట్లాండ్‌లో పద్ధతి వేరు, వేల్స్‌లో పన్ను వేరు.

అపోహ: ఆఫర్ ఒప్పుకున్నారు, ఇక ఇల్లు మనదే.

కాదు. 1989 నాటి చట్టం ప్రకారం స్థిరాస్తి ఒప్పందం రాతపూర్వకంగా, సంతకాలతో ఉంటేనే చెల్లుతుంది. అప్పటిదాకా అమ్మేవారు ఇంకొకరి దగ్గర ఎక్కువ ధరకు ఒప్పుకోవచ్చు, కొనేవారు వెనక్కి తగ్గవచ్చు. ఇంటి పరిస్థితి చూపించుకునే సర్వేకు మీరు పెట్టిన ఖర్చు మీదే. ఇది అన్యాయమని నాతో చాలామంది వాదించారు. నాకూ నచ్చదు, కానీ చట్టం అంతే.

కట్టుబడే ఘడియ పేరు ఎక్స్చేంజ్. మీరు కాంట్రాక్టు మీద ముందే సంతకం చేసి పంపుతారు. దాని మీద తేదీ ఉండదు, అది నా ఫైల్లో ఊరికే పడి ఉంటుంది. ఒక రోజు అవతలి సొలిసిటర్, నేను ఫోనులో మాట్లాడుకుంటాం. ధర ఎంత, డిపాజిట్ ఎంత, తాళాలిచ్చే తేదీ ఏది అని ఒకరికొకరం చదివి వినిపించుకుంటాం. "సరే, ఎక్స్చేంజ్ అయింది, 3:42" అని ఇద్దరం రాసుకుంటాం. అంతే. ఆ క్షణంలో మీరు కూరగాయల కొట్లో ఉండవచ్చు. ఆ తర్వాత వద్దంటే, సాధారణంగా పది శాతంగా ఉండే డిపాజిట్ పోతుంది, నష్టపరిహారం దానికి అదనం. ఇంటి బీమా కూడా ఆ రోజు నుంచే తీసుకోండి. మామూలు షరతుల ప్రకారం, తాళాలు చేతికి రాకముందు ఇల్లు కాలిపోయినా డబ్బు కట్టాల్సింది మీరే.

అపోహ: హైదరాబాద్ ఫ్లాట్‌తో ఇంగ్లండ్ పన్నుకు సంబంధం లేదు.

ఎక్కువ డబ్బు పోయేది ఈ ఒక్క అపోహ వల్లే. మొదటిసారి కొనేవారికి స్టాంపు డ్యూటీలో రాయితీ ఉంది: మూడు లక్షల పౌండ్ల దాకా పన్ను లేదు, అక్కడి నుంచి అయిదు లక్షల దాకా 5 శాతం, ఇంటి ధర అయిదు లక్షలు దాటితే రాయితీయే లేదు. అయితే "మొదటిసారి" అంటే ప్రపంచంలో ఎక్కడా, ఎప్పుడూ ఇల్లు లేనివారని అర్థం. కూకట్‌పల్లి ఫ్లాట్ అయినా, తెనాలిలో తాతగారి ఇంట్లో వాటా అయినా లెక్కలోకి వస్తాయి. పొలం రాదు, ఇల్లు కట్టని ఖాళీ స్థలం రాదు.

రాయితీ పోవడంతోనే ఆగదు. ఆ ఫ్లాట్‌లో మీ వాటా విలువ 40,000 పౌండ్లు లేదా అంతకు మించితే, ఇక్కడ కొనేది రెండో ఇల్లు కింద లెక్క. 2024 అక్టోబర్ 31 నుంచి దానికి మొత్తం ధర మీద 5 శాతం అదనం. 4,50,000 పౌండ్ల ఇల్లే తీసుకోండి. ఎక్కడా ఇల్లు లేని దంపతులు కట్టేది 7,500 పౌండ్లు. హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉన్నవారు కట్టేది 12,500, దాని పైన 22,500, వెరసి 35,000.

"ఫ్లాట్ మా ఆవిడ పేరున ఉంది, ఇక్కడ నా ఒక్కడి పేరున కొంటాను" అంటారు కొందరు. అదనపు పన్ను దగ్గర కలిసి ఉంటున్న భార్యాభర్తలిద్దరిదీ ఒకే లెక్క. నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఇల్లు అమ్మ పేరునే ఉందని మీరు అనుకున్నా హిందూ వారసత్వ చట్టం ప్రకారం పిల్లలకూ వాటా ఉంటుంది. ఆ సంగతి మొదటి రోజే చెప్పండి. మూడేళ్లలోపు వారసత్వంగా వచ్చిన, సగానికి మించని వాటాకు అదనపు పన్నులో మినహాయింపు ఉంది. మొదటిసారి కొనేవారి రాయితీకి మాత్రం అలాంటి మినహాయింపు లేదు. పన్ను పత్రం నేనే దాఖలు చేసినా అందులోని మాటకు బాధ్యత మీదే.

అపోహ: డబ్బు బ్యాంకులో ఉంది, ఎక్కడిదని అడగడానికి సొలిసిటర్ ఎవరు?

అడగకపోతే నేను చిక్కుల్లో పడతాను. అక్రమ సొమ్మును సక్రమంగా చూపించడాన్ని అడ్డుకునే మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం సొమ్ము ఎలా వచ్చిందో నేను చూసి తీరాలి. గుంటూరులో స్థలం అమ్మి నాన్నగారు పంపారా? విక్రయ దస్తావేజు, ఆయన బ్యాంకు స్టేట్‌మెంటు, పంపిన రసీదు కావాలి. అది అప్పు కాదని, ఇంటి మీద తనకు హక్కేమీ లేదని ఆయన రాసిచ్చే లేఖను మీకు ఇంటి అప్పు ఇచ్చే బ్యాంకు అడుగుతుంది. భారతదేశంలో నివసించే ఒక వ్యక్తి ఆర్థిక సంవత్సరంలో పంపగల మొత్తం 2,50,000 డాలర్లు. చిక్కల్లా దస్తావేజులో నలభై లక్షలు, చేతికి వచ్చింది తొంభై అయినప్పుడే. ఆ మిగతా యాభైకి నా ఫైల్లో చోటు లేదు.

అపోహ: బ్యాంకు మనిషి వచ్చి చూశాడు, సర్వే అక్కర్లేదు.

ఆయన చూసింది అప్పుకు ఇల్లు సరిపోతుందా అని మాత్రమే. పైకప్పు కారుతుందా అన్నది మీరు డబ్బిచ్చి పెట్టుకున్న సర్వేయర్ చూడాలి.

అపోహ: అమ్మేవారు లోపాలు చెప్పకుండా ఊరుకుంటే చాలు.

చూసుకుని కొనే బాధ్యత కొనేవారిదే, నిజమే. కానీ ఆస్తి వివరాల ఫారంలోనో, మేం పంపే ప్రశ్నలకు జవాబుల్లోనో అబద్ధం రాస్తే మెడకు చుట్టుకుంటుంది. లండన్ నాటింగ్ హిల్‌లో 3.25 కోట్ల పౌండ్లకు అమ్ముడైన భవనం గోడల్లోని ఉన్ని పొరకు బట్టలు కొరికే పురుగులు పట్టాయి. ఆ సంగతి దాచి జవాబులిచ్చినందుకు 2025 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ అమ్మకాన్నే రద్దు చేసింది. పక్కింటివారితో గొడవ ఉంటే ఉందని రాయండి.

అపోహ: ఎడమవైపు కంచె మనదే.

అలాంటి చట్టమేదీ లేదు. ఆస్తుల యాజమాన్యాన్ని నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం ల్యాండ్ రిజిస్ట్రీ. దాని పటంలోని ఎర్ర గీత కూడా హద్దును ఉజ్జాయింపుగానే చూపుతుంది, అంగుళాల లెక్కకు పనికిరాదు.

అపోహ: ఒరిజినల్ దస్తావేజులు బీరువాలో పెట్టుకోవాలి.

ఇది అమ్మానాన్నల ప్రశ్న. ఫోనులో వారికి సర్దిచెప్పేది నేనే. యాజమాన్యానికి రుజువు ల్యాండ్ రిజిస్ట్రీ కంప్యూటర్ రికార్డే. ఏడు పౌండ్లు కట్టి ఎవరైనా దాని నకలు తీసుకోవచ్చు. మీ ఇంటి రికార్డును ఎవరైనా కదిలిస్తే కబురు పంపే ప్రాపర్టీ అలర్ట్ సేవ ఉచితం, చేరండి.

అపోహ: ముహూర్తానికి తాళాలు ఇప్పించవచ్చు.

ఒకరు ఉదయం 9:12కు గడప దాటాలన్నారు. పూజ సామాను కారులో పెట్టుకుని ఆ ఇంటి ముందే ఆగి, పదేసి నిమిషాలకు ఫోను చేశారు. మీ డబ్బు నా ఖాతా నుంచి అమ్మేవారి సొలిసిటర్‌కు చేరాలి. వారు కొనే ఇంటి కోసం అక్కడి నుంచి ఇంకొకరికి చేరాలి. ఆ వరుసలో ఎక్కడ ఆగినా తాళాలు ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు సొరుగులోనే ఉంటాయి. కాంట్రాక్టులో మామూలుగా ఉండే గడువు మధ్యాహ్నం రెండు గంటలు. ఆ రోజు తాళాలు 1:25కు వచ్చాయి, అప్పటికి రాహుకాలమో వర్జ్యమో నడుస్తోందట. కారులోనే కూర్చున్నారు. అప్పటి నుంచి ఎక్స్చేంజ్‌కు ముందే పంచాంగం చూసుకోమంటున్నాను. తాళాలు గురువారం తీసుకుని, శనివారం పొద్దున మీ ఇష్టం వచ్చిన నిమిషానికి పాలు పొంగించుకోవచ్చు. వంటగది పొగ అలారం ఎక్కడుందో మాత్రం ముందు చూసుకోండి.