డిజిటల్ ఫోరెన్సిక్స్ సర్టిఫికేషన్: గోదావరి జిల్లాల్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

భీమవరం, కాకినాడ, రాజమండ్రి కాలేజీల్లో సైబర్ సెక్యూరిటీ బ్రాంచి తీసుకున్న పిల్లలు మూడో ఏడాదికి వచ్చేసరికి ‘ఏ సర్టిఫికెట్ కొట్టాలండీ’ అని అడగడం మొదలెడతారు. జవాబు చెప్పేవాళ్లకు కొదవ లేదు. కాకపోతే ఆ జవాబుల్లో సగం కోచింగ్ కరపత్రాల్లోవి. డిజిటల్ ఫోరెన్సిక్స్ (కంప్యూటర్లలో మిగిలిన జాడలను వెతికి, ఆధారాలుగా భద్రపరచడం), ఇన్సిడెంట్ రెస్పాన్స్ (సైబర్ దాడి జరిగినప్పుడు చేయాల్సిన పని) పరీక్షల్లో పాసైనవాళ్లకీ తప్పినవాళ్లకీ తేడా ఒక్కచోటే కనిపిస్తుంది: దొరికిన ఆధారం ఏం చెబుతుందో తెలిస్తే చాలదు, ఏం చెప్పదో కూడా తెలియాలి. కింద ఉన్న అపోహల్లో చాలావరకు అది వంటబట్టకపోవడం వల్ల వచ్చినవే.

అపోహ: ఓపెన్ బుక్ పరీక్షే కదా, చదవకపోయినా వెతుక్కుని రాసేయొచ్చు.

సైబర్ సెక్యూరిటీ సర్టిఫికెట్లిచ్చే జియాక్ (GIAC) వాళ్ల పరీక్షలు ఓపెన్ బుక్ అన్నది నిజమే. కానీ పుస్తకాలు, నోట్సు కాగితం మీదే ఉండాలి. పీడీఎఫ్, ఫోను, ట్యాబ్ కుదరవు. వాళ్ల ఫోరెన్సిక్ అనలిస్ట్ పరీక్ష జీసీఎఫ్ఏ (GCFA)లో 82 ప్రశ్నలకు మూడు గంటలు. సగటున ప్రశ్నకు రెండు నిమిషాల పైచిలుకు. అందులో కొన్ని సైబర్‌లైవ్ ప్రశ్నలు, అంటే వర్చువల్ మెషీన్‌లో నిజంగా టూల్ నడిపి జవాబు తేవాలి. ఒక్కోదానికి పది నిమిషాలు పోయినా ఆశ్చర్యం లేదు. ఇక పేజీలు తిరగేస్తూ కూర్చునే టైమెక్కడిది?

అందుకే ఇండెక్స్ సొంతంగా తయారు చేసుకోవాలి. ఎక్సెల్‌లో నాలుగు కాలమ్స్ చాలు: పదం, పుస్తకం నంబరు, పేజీ, ఒక్క ముక్కలో వివరం. చాలామంది చేసే తప్పు, అధ్యాయాల వరసలో రాసుకోవడం. అది విషయసూచికే, ఇండెక్స్ కాదు. అక్షరక్రమంలో ఉండాలి, ఒకే విషయం రెండుమూడు చోట్ల తగలాలి. ఎవరైనా లాగిన్ అయినప్పుడు విండోస్ రాసుకునే 4624 అనే ఈవెంట్ నంబరు అంకెల కింద ఒకసారి, ‘లాగాన్’ కింద ఒకసారి, ‘రిమోట్ డెస్క్‌టాప్’ కింద ఇంకోసారి. ఎందుకంటే లాగాన్ టైప్ 10 (అంటే రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా లాగిన్) గురించి అడిగినప్పుడు పరీక్ష గదిలో మీకు ముందు ఏ మాట గుర్తొస్తుందో ఇప్పుడు చెప్పలేరు. మొదటి ప్రాక్టీస్ టెస్ట్ ఇండెక్స్‌తో రాసి, వెతికినా దొరకని పదాలన్నీ అందులో ఎక్కించి, తర్వాతే రెండోది రాయండి. స్పైరల్ బైండింగ్ చేయించండి, విడి కాగితాలు వద్దు. ఏసీ గాలికి ఎగిరితే ఏరుకోవడమే సరిపోతుంది.

ఇక ఈసీ-కౌన్సిల్ సంస్థ పెట్టే ఫోరెన్సిక్స్ పరీక్ష సీహెచ్ఎఫ్ఐ (CHFI) అయితే ఓపెన్ బుక్ కానే కాదు. 150 ప్రశ్నలు, నాలుగు గంటలు.

అపోహ: వైరస్ పడితే ముందు ప్లగ్ పీకేయాలి.

తణుకు పక్కన ఒక రైస్ మిల్లు అనుకోండి. టాలీ ఉన్న కంప్యూటర్‌లో ఫైళ్ల పేర్ల చివర వింత అక్షరాలు వచ్చాయి, తెర మీద డబ్బు కట్టమన్న నోటు. గుమస్తా చెయ్యి ముందు స్విచ్ మీదకే పోతుంది. పరీక్షలో సీనారియో ప్రశ్నలు వచ్చేదీ సరిగ్గా ఇక్కడే.

ముందు తెంపాల్సింది నెట్‌వర్క్: ల్యాన్ కేబుల్ తీసి, వైఫై ఆపాలి. కరెంటు ఉండనివ్వాలి. నడుస్తున్న ప్రాసెస్‌లు, నెట్‌వర్క్ కనెక్షన్లు, కొన్నిసార్లు ఎన్‌క్రిప్షన్ కీలు కూడా ర్యామ్‌లోనే ఉంటాయి, ఆపేస్తే పోతాయి. త్వరగా చెరిగిపోయేదాన్ని ముందు సేకరించాలన్న క్రమం ఆధారాల సేకరణ గురించి 2002లో వచ్చిన మార్గదర్శక పత్రం ఆర్ఎఫ్‌సీ 3227లోనే ఉంది. తెరను ఫోనుతో ఫొటో తీసి, కంప్యూటర్ గడియారానికీ అసలు టైముకీ తేడా ఎంతో రాసుకుని, తర్వాత ఎఫ్‌టీకే ఇమేజర్ లాంటి టూల్‌తో ర్యామ్ కాపీ చేయాలి.

ఇక్కడ చాలామంది బోల్తాపడేది పెన్‌డ్రైవ్ దగ్గర. 16 జీబీ ర్యామ్ ఉంటే డంప్ ఫైలు (ర్యామ్ కాపీ) కూడా కనీసం అంత ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటదు, 64 జీబీ డ్రైవైనా సరే కాపీ మధ్యలో ఆగిపోతుంది. ముందే ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ చేసి దగ్గర పెట్టుకోవాలి. ఆపేముందు బిట్‌లాకర్ (డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఏర్పాటు) ఉందో లేదో చూడాలి. ఉండి, రికవరీ కీ ఎవరి దగ్గరా లేకపోతే, ఆపిన డిస్కు నుంచి మీకొచ్చేది ఎన్‌క్రిప్ట్ అయిన చెత్తే.

అలాగని ఇది రాతి మీద గీత కూడా కాదు. కళ్లముందే ఫైళ్లు ఒక్కొక్కటీ లాక్ అవుతున్నాయి, చేతిలో ర్యామ్ టూల్ లేదు, బ్యాకప్ లేదు అంటే పవర్ తీసేయడమే మంచిది. మిగిలిన లెక్కలైనా దక్కుతాయి. ఏది పోగొట్టుకుని ఏది కాపాడారో, ఎన్ని గంటలకో, ఎవరు నిర్ణయించారో రాసి ఉంచాలి.

అపోహ: లిస్టులో పేరు కనిపించిందంటే ఆ ప్రోగ్రామ్ నడిచినట్టే.

విండోస్ తన అవసరానికి ప్రోగ్రామ్ ఫైళ్ల పేర్లు రాసుకునే లిస్టు షిమ్‌క్యాష్. అందులో ఒక ఫైలు పేరుంటే ఆ ఫైలు అక్కడ ఉండేదని చెప్పొచ్చు. విండోస్ 10, 11లలో నడిచిందని దాన్నిబట్టి తేల్చలేం. పక్కనున్న టైము ఫైలును చివరిసారి మార్చిన టైము, నడిపిన టైము కాదు. నడిచిందనడానికి ప్రీఫెచ్ (ప్రోగ్రామ్‌లు త్వరగా తెరుచుకోడానికి విండోస్ దాచుకునే ఫైళ్లు) గట్టి ఆధారం: విండోస్ 8 నుంచి చివరి ఎనిమిదిసార్లు నడిచిన టైములు దాస్తుంది. కానీ విండోస్ సర్వర్‌లో మామూలుగా ప్రీఫెచ్ ఆపి ఉంటుంది, కాబట్టి ‘ప్రీఫెచ్‌లో లేదు, నడవలేదు’ అనడం కూడా తప్పే.

టైము దగ్గర ఇంకో గొయ్యి. ఎన్‌టీఎఫ్ఎస్ టైములను యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక టైము, మనకన్నా అయిదున్నర గంటలు వెనక) దాస్తుంది, ఫ్యాట్32 స్థానిక టైములో దాస్తుంది. మన రాత్రి 12:40 యూటీసీలో ముందురోజు సాయంత్రం 7:10. తేదీయే మారిపోయింది చూశారా! పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్‌కి ఫైలు కాపీ అయిన కేసులో రెండు టైములూ ఒకే పట్టికలో పెట్టి, అయిదున్నర గంటలు కలపకుండా వదిలేస్తే పెన్‌డ్రైవ్‌లో ఫైలు తయారవ్వకముందే అది కాపీ అయినట్టు తేలొచ్చు. టైమ్‌లైన్ మొత్తం యూటీసీలో తయారు చేసి, రిపోర్టులో మాత్రమే మన టైముకి మార్చండి.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే కోర్టులో నిపుణుడైనట్టే.

ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టుకి వెళ్లే దారి వేరు. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం 65బీ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 అమల్లోకి వచ్చింది. దాని కింద ఇచ్చే పత్రంలో ‘ఏ’ (A) భాగాన్ని రికార్డు ఇచ్చే పక్షం, ‘బీ’ (B) భాగాన్ని నిపుణుడు నింపాలి. హ్యాష్ విలువ (డేటా మారలేదని చూపే, వేలిముద్ర లాంటి సంఖ్య), దాన్ని ఏ పద్ధతిలో తీశారో రాయాలి. ఐటీ చట్టం 79ఏ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యం పరీక్షకులను కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేస్తుంది, ఆ హోదా జియాక్‌తోనో ఈసీ-కౌన్సిల్‌తోనో రాదు. మీ సర్టిఫికేషన్ మీ అర్హతల గురించి అడిగినప్పుడు చెప్పుకోడానికి పనికొస్తుంది, అంతవరకే.

హ్యాష్ దగ్గర ఒక సంగతి. ఎఫ్‌టీకే ఇమేజర్ ఇమేజ్ (డిస్కు పూర్తి కాపీ) తీశాక ఎండీ5, ఎస్‌హెచ్ఏ1 అనే రెండు రకాల హ్యాష్‌లు చూపిస్తుంది. అవి డిస్కులోని డేటావి. ఆ ఇమేజ్ దాచిన ఈ01 (E01) ఫైలు మీద మీరు విడిగా హ్యాష్ తీస్తే వేరే విలువ వస్తుంది, రావాలి కూడా. ఈ రెండూ కలగాపులగం చేసి పత్రంలో రాస్తే అవతలి వకీలుకి పండగే.

అపోహ: లక్షలు పోయందే ఈ లైన్లోకి రాలేం.

జియాక్ పరీక్షలకు శిక్షణ ఇచ్చే సాన్స్ (SANS) సంస్థ కోర్సు ఫీజు ఎనిమిది వేల డాలర్లు దాటుతుంది, ఆ మాట నిజం. కానీ జియాక్ పరీక్షకి కోర్సు తప్పనిసరి కాదు. పరీక్ష ఒక్కటే వెయ్యి డాలర్ల చుట్టుపక్కల. అదీ చిన్న మొత్తం కాదు. సొంత డబ్బుతో రాసేవాళ్లు నేరుగా అక్కడికి వెళ్లడం మా దృష్టిలో తొందరపాటు. ముందు కాంప్టియా సంస్థ సైసా ప్లస్ (CySA+) పరీక్ష గానీ, 24 గంటల ప్రాక్టికల్ పరీక్ష ఉండే బీటీఎల్1 (BTL1) గానీ రాసి, పెద్దవి కంపెనీ ఖర్చుతో కొట్టడం మేలు.

ల్యాబ్‌కి 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. ఆటాప్సీ, వాలటిలిటీ, సిఫ్ట్ వర్క్‌స్టేషన్, వైర్‌షార్క్ లాంటి ఫోరెన్సిక్స్ టూల్స్ అన్నీ ఉచితమే. సాధన చేయడానికి డిస్కు ఇమేజ్‌లు అమెరికా నిస్ట్ సంస్థ సీఎఫ్‌రెడ్స్‌లో, డిజిటల్ కార్పొరాలో దొరుకుతాయి. వాటిల్లో కొన్ని విండోస్ ఎక్స్‌పీ కాలంనాటివి. పద్ధతి నేర్చుకోడానికి బాగుంటాయి, కానీ ఇప్పటి ఆధారాలు వాటిల్లో ఉండవు. పక్కనే సొంతంగా విండోస్ 11 వర్చువల్ మెషీన్ పెట్టి, పెన్‌డ్రైవ్ గుచ్చి, ఫైలు తెరిచి, చెరిపి, ఏ జాడ ఎక్కడ పడిందో చూడండి.

అపోహ: డంప్స్ (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు) బట్టీపడితే పాసైపోతాం. లైవ్ మెషీన్ ప్రశ్న ముందు బట్టీ నిలవదు. దొరికితే సర్టిఫికెట్ రద్దు.

అపోహ: ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది. జియాక్‌ది నాలుగేళ్లు, నేర్చుకోవడం ఆపలేదని చూపే 36 సీపీఈ పాయింట్లు చూపాలి. సీహెచ్ఎఫ్ఐది మూడేళ్లు, 120 క్రెడిట్లు. సైసా ప్లస్‌కీ మూడేళ్లే.

అపోహ: ఫీజు కట్టాక పరీక్ష రోజు సెంటర్‌కి వెళ్తే చాలు.

మన దగ్గర ఎక్కువ గొడవ వచ్చేది పేరుతోనే. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో ఇంకోలా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. రిజిస్ట్రేషన్‌లోని పేరూ చూపే గుర్తింపు కార్డులోని పేరూ కలవకపోతే లోపలికి పంపరు, ఫీజు తిరిగి రాదు. ఏ కార్డు చూపిస్తారో ముందే అనుకుని, అందులో ఉన్నట్టే అకౌంట్ తెరవండి. పాస్‌పోర్టు ఉంటే అదే వాడండి.

ఇంటి నుంచి రాసే వీలున్నా, కరెంటు, నెట్ మీద నమ్మకం లేని చోట సెంటరే నయం. జియాక్‌లో అటెంప్ట్ మొదలైనప్పటి నుంచి 120 రోజుల్లో రాయాలి, కాబట్టి ఆ గడువు అక్టోబరు, నవంబరు తుఫాన్ల మీద ముగియకుండా చూసుకోండి. విజయవాడ, విశాఖ, హైదరాబాద్‌లలో ఎక్కడ స్లాట్ ఉందో ముందుగా వెతకండి. హైదరాబాదే దొరికితే రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్నే దిగి అటునుంచటే పరీక్షకి వెళ్లకండి. ఒకరోజు ముందు చేరి, మధ్యాహ్నం స్లాట్ తీసుకోండి.