7805కి హీట్‌సింక్ ఎప్పుడు కావాలి?

"7805 ఒక ఆంపియర్ దాకా ఇస్తుందట. నా సర్క్యూట్ వాడేది 300 మిల్లీ ఆంపియర్లే. ఇంకా హీట్‌సింక్ దేనికి?" కొత్తగా సోల్డరింగ్ ఐరన్ పట్టిన పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. 7805 అంటే 5 వోల్టులు ఇచ్చే రెగ్యులేటర్ చిప్; హీట్‌సింక్ అంటే దాని వేడిని గాలిలోకి వదిలే లోహపు ముక్క. డేటాషీట్ చెప్పే ఆ ఒక ఆంపియర్, చిప్‌లో పుట్టిన వేడి బయటికి పోయే దారి ఉన్నప్పుడే దక్కుతుంది. అందుకే ముందు చూడాల్సింది వాట్లు.

7805 లీనియర్ రెగ్యులేటర్. 12 వోల్టులిస్తే 5 వోల్టులు బయటికి పంపి, మిగతా 7 వోల్టులనూ వేడిగా మార్చేస్తుంది. ఏడుని 0.3 ఆంపియర్‌తో గుణిస్తే 2.1 వాట్లు. సర్క్యూట్‌కి అందేది 1.5 వాట్లే! 7805 సాధారణంగా వచ్చే, వెనక లోహపు ట్యాబ్ ఉన్న టీఓ-220 ప్యాకేజీకి హీట్‌సింక్ లేకపోతే ఒక్కో వాట్‌కి చిప్ సుమారు 65 డిగ్రీలు వేడెక్కుతుంది. అంటే 136 డిగ్రీలు. దానికి మే నెల మధ్యాహ్నపు 40 కలిపితే 176. చిప్ లోపల 125 దాటకుండా చూసుకోవాలి. 150 ప్రాంతానికి వచ్చేసరికి రెగ్యులేటర్ తనంతట తానే ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. రిలే టకటకలాడుతుంది, మైక్రోకంట్రోలర్ పదేపదే రీసెట్ అవుతుంది. తప్పు కోడ్‌లో ఉందనుకుని రాత్రంతా వెతికేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అదే 100 మిల్లీ ఆంపియర్లయితే 0.7 వాట్ మాత్రమే. చిప్ 85 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, హీట్‌సింక్ అక్కర్లేదు. వేలు పెడితే మాత్రం చురుక్కుమంటుంది. 60 డిగ్రీల లోహాన్నే మనం పట్టుకోలేం కాబట్టి, వేలికి కాలినంత మాత్రాన చిప్‌కి ప్రమాదమని కాదు. గాలాడే చోట ఒక వాట్ దాకా ఫర్వాలేదు. ప్లాస్టిక్ డబ్బాలో మూసేస్తే అరవాట్ దాటగానే హీట్‌సింక్ గురించి ఆలోచించాలి.

ట్రాన్స్‌ఫార్మర్ వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 12 వోల్టుల ఏసీని నాలుగు డయోడ్ల బ్రిడ్జ్‌తో డీసీగా మార్చి కెపాసిటర్ పెడితే వచ్చేది 12 కాదు, దాదాపు 15.5. లోడ్ తక్కువైతే ఇంకా ఎక్కువే. పై లెక్కలో 2.1 వాట్లు కాస్తా 3 దాటిపోతాయి. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. రెగ్యులేటర్‌కి కావాల్సింది అవుట్‌పుట్ కన్నా 2, 3 వోల్టులు ఎక్కువ, అంతే.

వాట్‌కి 15 డిగ్రీల హీట్‌సింక్ బిగిస్తే, చిప్ నుంచి ట్యాబ్‌కి 5, థర్మల్ పేస్ట్‌కి ఒకటి కలిపి మొత్తం 21. మన 2.1 వాట్లకి 44 డిగ్రీలే పెరుగుతుంది. ఒక ఆంపియర్ కావాలంటే మాత్రం 7 వాట్లు. అప్పుడు పెద్ద అల్యూమినియం ముక్క కోసం వెతికే బదులు ఎల్‌ఎం2596 బక్ మాడ్యూల్ (వోల్టేజీని అంతగా వేడి పుట్టించకుండా తగ్గించే స్విచింగ్ రెగ్యులేటర్) కొనడమే మేలు.

బిగించే ముందు ట్యాబ్ సంగతి చూసుకోండి. 7805 ట్యాబ్ గ్రౌండే. ఇతర రెగ్యులేటర్లలో ఎల్‌ఎం317 ట్యాబ్ అవుట్‌పుట్, మైనస్ 5 వోల్టులిచ్చే 7905ది ఇన్‌పుట్. ఈ మూడింటినీ ఒకే హీట్‌సింక్‌కి బిగిస్తే షార్ట్ అవుతుంది. మధ్యలో కరెంటు పారనివ్వని మైకా రేకు, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి.