అల్గాన్‌క్విన్‌లో కనూ ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

కెనడాలోని అల్గాన్‌క్విన్ పార్కుకు టొరంటో నుంచి సుమారు మూడు గంటల దారి. అక్కడి చెరువుల్లో కనూ, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవ, మీద తిరగడానికి తెలుగువాళ్ళు బయల్దేరే ముందు అడిగేది ఎక్కువగా ఎలుగుబంట్ల గురించే. కానీ ముందు భయపడాల్సింది చన్నీళ్ళకి.

అపోహ: ఈత వచ్చు, లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలు.

వాస్తవం: ఈ చెరువుల మీద మంచు కరిగేదే ఏప్రిల్ చివర, మే మొదట్లో. పైన ఎండ కాస్తున్నా మే నెలంతా నీళ్ళు జివ్వుమంటాయి. అందులో పడగానే ఊపిరి ఎగబీలుస్తారు, ఆ గుక్కలోనే నీళ్ళు మింగేస్తారు. ఆ ఉక్కిరిబిక్కిరి తగ్గడానికి ఒక నిమిషం పడుతుంది. తర్వాత చేతులు కాళ్ళు మాట వినేది దాదాపు 10 నిమిషాలే. ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి మాత్రం గంట దాకా పట్టొచ్చు. మానిటోబా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన 1-10-1 లెక్క ఇదే. అంటే చలి చంపేలోపే మునిగిపోతారు. కొయ్యబారిన వేళ్ళతో నీళ్ళలో జాకెట్ తొడుక్కోవడం కుదిరే పని కాదు.

జాకెట్ ఒడ్డునే తొడుక్కుని, బకిళ్ళు పెట్టి, పట్టీలు కిందనుంచి పైకి బిగించండి. తర్వాత జాకెట్‌ని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని పక్కవాళ్ళకి చెప్పండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే. పిల్లలకి ఈ పరీక్ష తప్పకుండా చెయ్యాలి. పడవ బోల్తాపడితే దాన్నే పట్టుకోండి, నీళ్ళు నిండినా తేలుతుంది. ఒడ్డు దగ్గరే అనిపించినా ఈదకండి.

అపోహ: మధ్యాహ్నం వెచ్చగా ఉన్నప్పుడు పెద్ద చెరువు దాటడం మేలు.

వాస్తవం: గాలి లేచేది అప్పుడే. ఒపియాంగో లాంటి పెద్ద చెరువుని పొద్దున్నే, ఒడ్డు వెంబడే దాటాలి. అలలు మొదలైతే సీటు దిగి మోకాళ్ళ మీద కూర్చోండి, పడవ ఊగడం తగ్గుతుంది.

అపోహ: తిండి గుడారంలో పెట్టి జిప్పు వేస్తే ఎలుగుబంటి రాదు.

వాస్తవం: జిప్పు వాసనని ఆపదు. బియ్యం, పోపు డబ్బా, టూత్‌పేస్టు, సబ్బు, చెత్త అన్నీ ఒకే సంచిలో వేసి గుడారానికి దూరంగా చెట్టుకి వేలాడదీయండి. నేల నుంచి కనీసం 4 మీటర్ల ఎత్తు, మాను నుంచి 2 మీటర్ల దూరం ఉండాలి. తాడు ఒక కొసకి రాయి ఉన్న చిన్న సంచి కట్టి కొమ్మ మీదుగా విసరాలి. ఇది చీకటి పడకముందే చెయ్యండి, టార్చి వెలుగులో సరైన కొమ్మ దొరకదు.

అపోహ: అడవి నీళ్ళు అద్దంలా ఉన్నాయి, తాగేయొచ్చు.

వాస్తవం: బీవర్లనే నీటి జంతువుల మలంతో జియార్డియా అనే, కడుపు పాడుచేసే సూక్ష్మజీవి చేరుతుంది, కంటికి కనబడదు. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరగనివ్వండి.

చివరగా ఆవకాయ మాట. లోపలి చెరువుల దగ్గరికి గాజు సీసాలు, డబ్బా ఆహారం తీసుకెళ్ళకూడదు. పచ్చడిని గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, దాన్నీ వేలాడే సంచిలోనే పెట్టండి.