అచ్చుగుద్దినట్టు ఉంటేనే అనుమానించాలి: నాయకుల ఆటోగ్రాఫ్‌లపై అపోహలు - వాస్తవాలు

రాజకీయ నాయకుల సంతకాలు పరీక్షించి, విలువ చెప్పడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదట చెప్పే మాట ఒకటుంది: "అసలు సంతకంతో పోల్చి చూశానండి, అచ్చుగుద్దినట్టు ఉంది." అది వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: అసలు సంతకంతో గీతకు గీత సరిపోతే అది అసలుదే

ఒక కాగితం మీద మీ సంతకం పదిసార్లు పెట్టి చూడండి. ఏ రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. ఒకసారి అక్షరం సాగుతుంది, ఒకసారి చుక్క పక్కకు పడుతుంది. మనిషి చెయ్యి అంతే. రెండు సంతకాలు పూర్తిగా కలిశాయంటే ఒకదాని మీద ఇంకోటి దిద్ది ఉండాలి, లేదా రెండూ యంత్రం రాసినవై ఉండాలి.

ఆ యంత్రాన్ని ఆటోపెన్ అంటారు. అది మామూలు పెన్నుతో, మామూలు ఇంకుతోనే రాస్తుంది కాబట్టి ఇంకు రకాన్ని చూసి పట్టుకోలేం. అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ దీన్ని విరివిగా వాడారు, పైగా ఆయన కార్యదర్శులు కూడా ఆయన పేరు రాసేవారు. 2011లో ఒబామా ఫ్రాన్స్‌లో ఉండగా వాషింగ్టన్‌లో ఒక చట్టం మీద ఆయన సంతకం ఆటోపెన్‌తోనే పెట్టారు. చట్టానికి అది చెల్లింది. ఆటోగ్రాఫ్‌లు సేకరించేవాళ్లకు మాత్రం చెల్లదు.

ఒకాయన కెనెడీ సంతకం ఉన్న టైపు ఉత్తరం తెచ్చారు. వాళ్ల నాన్నగారు జాగ్రత్తగా దాచినది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద పెట్టాను. గీత మొదట్లో, చివర్లో చిన్న చుక్కల్లా ఇంకు ముద్దకట్టి ఉంది. మధ్యలో ఒత్తిడి ఎక్కడా మారలేదు. మనిషి రాసేటప్పుడు నిబ్బు కాగితాన్ని తాకకముందే చెయ్యి కదులుతూ ఉంటుంది, అందుకే గీత సన్నగా మొదలై సన్నగా తేలిపోతుంది. యంత్రం పెన్నును దించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు బయల్దేరుతుంది. ఆ చుక్కలు అక్కడివే. తెలిసిన ఆటోపెన్ నమూనా మీద పెట్టి చూస్తే పూర్తిగా కలిసిపోయింది. ఆ మాట ఆయనకు చెప్పడం నాకూ కష్టంగానే అనిపించింది.

అచ్చు వేసిన సంతకాలు ఇంకో రకం. బ్రిటన్ ప్రధాని చర్చిల్ తనకొచ్చిన శుభాకాంక్షలకు జవాబుగా, తన చేతిరాతనే అచ్చు వేయించిన కృతజ్ఞతా పత్రాలు పంపేవారు. వాటిని అసలువనుకుని దాచుకున్న కుటుంబాలు ఎన్నో. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోట చూడండి: పెన్నుతో రాస్తే అక్కడ ఇంకు చిక్కబడుతుంది, అచ్చులో అలా ఉండదు.

అపోహ: ప్రభుత్వ పత్రం కాబట్టి సంతకం నాయకుడిదే

అమెరికాలో అధ్యక్షుడి తరఫున భూమి పట్టాల మీద సంతకం చేయడానికి ఒక కార్యదర్శిని పెట్టుకోవచ్చని 1833లో చట్టం చేశారు. ఆ తర్వాతి పట్టాల మీద పేరు అధ్యక్షుడిది, చెయ్యి గుమాస్తాది.

అపోహ: కాగితం పాతదైతే రాత కూడా పాతదే

ఫోర్జరీ చేసేవాళ్లు పాత పుస్తకాల్లోని ఖాళీ కాగితాలు చింపి వాడతారు. కానీ పాతబడ్డ కాగితం మీద కొత్త ఇంకు పాకుతుంది, అంచులు ఈకల్లా విచ్చుకుంటాయి. మడత దగ్గర ఇంకు విరిగిన పీచులోకి దిగి ఉంటే, మడత పడ్డాకే రాశారన్నమాట. పెన్ను వయసు కూడా చూడాలి. షార్పీ మార్కర్ 1964లో వచ్చింది, కెనెడీ 1963లోనే చనిపోయారు.

హిట్లర్ రాసినవంటూ 1983లో బయటపడ్డ డైరీల కేసును నేను నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు తప్పకుండా చెబుతాను. దస్తూరి నిపుణులు అసలువే అన్నారు. ఎందుకంటే పోల్చడానికి వాళ్ల చేతికిచ్చిన నమూనాల్లోనూ ఆ డైరీలు రాసిన కొన్రాడ్ కుయావ్ ఫోర్జరీలే ఉన్నాయి. చివరికి కాగితమే పట్టించింది, అందులో యుద్ధం తర్వాతే వాడకంలోకి వచ్చిన తెల్లదనం రసాయనం దొరికింది. నమూనా ఎక్కడిదో తెలియకుండా పోలిక మొదలుపెట్టకండి.

అపోహ: ఒక నాయకుడి సంతకం జీవితాంతం ఒకేలా ఉండాలి

నెపోలియన్ మొదట బ్వొనపార్తె అని, 1796 నుంచి బొనపార్ట్ అని, చక్రవర్తి అయ్యాక నెపోలియన్ అని రాశాడు. ఆ తర్వాత అది కుదించుకుపోయి ఒక్క అక్షరానికి దిగింది. లింకన్ ఉత్తరాల్లో 'ఎ. లింకన్' అని, అధికార పత్రాల్లో పూర్తి పేరు రాసేవారు. గాంధీజీ కుడిచెయ్యి అలిసిపోతే ఎడమచేత్తో రాసేవారు, రెండు దస్తూరీలకూ తేడా ఉంటుంది. అందుకే తేదీ తెలియకుండా నేను ఏ సంతకం గురించీ తీర్పు చెప్పను.

అపోహ: పేరు ఎంత పెద్దదైతే ధర అంత

బటన్ గ్విన్నెట్ పేరు ఎంతమందికి తెలుసు? ఆయన అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 56 మందిలో ఒకరు. మరుసటి ఏడాదే, 1777లో, ద్వంద్వ యుద్ధంలో తగిలిన గాయంతో చనిపోయారు. ఆయన సంతకాలు 50 చిల్లర మాత్రమే తెలుసు. 56 మందివీ సేకరించాలనుకునేవాళ్లకు ఆయన లేకపోతే సెట్టు పూర్తి కాదు, అందుకే ఆయన సంతకానికి అంత ఎక్కువ ధర.

సంతకం కన్నా ఉత్తరంలో ఏముందో ముఖ్యం. ఒక నిర్ణయం గురించి స్వయంగా రాసిన పేజీకి, మర్యాదకు పంపిన టైపు కాగితానికి పోలికే లేదు. దయచేసి సంతకాన్ని కత్తిరించి ఆల్బంలో అంటించకండి. తేదీ, విషయం, ఎవరికి రాశారన్నది, అంటే సాక్ష్యమంతా ఆ మిగతా ముక్కతోనే పోతుంది. లామినేషన్ కూడా వద్దు, సెల్లో టేపు అసలే వద్దు.

సంతకం అసలుదేనని ఇచ్చే సర్టిఫికెట్ గురించి ఒక్క మాట: దాని విలువ ఇచ్చినవాళ్ల పేరును బట్టే. ఏ ఆధారంతో చెప్పారో అందులో రాయకపోతే నేను దాన్ని పక్కన పెట్టేస్తాను.

అపోహ: డబ్బు పెట్టి కొన్నాను, ఇక అది నాదే

అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రానికి చెందిన హక్కుల బిల్లు (అమెరికా రాజ్యాంగానికి చేసిన తొలి సవరణల పత్రం) ప్రతిని 1865లో ఒక సైనికుడు ఎత్తుకెళ్లాడు. 138 ఏళ్ల తర్వాత, 2003లో, అమ్మబోతుండగా ఎఫ్‌బీఐ స్వాధీనం చేసుకుంది. కాగితం అంచున ఫైలు రంధ్రాలు, చెరిపేసిన ముద్ర, మూలన పెన్సిలు నంబరు కనిపిస్తే, అది ఏదో ఆర్కైవ్ (పాత పత్రాలు భద్రపరిచే సంస్థ) నుంచి పోయినది కావచ్చు. డబ్బు ఇవ్వకముందే ఆ ఆర్కైవ్‌కు రాసి అడగండి.